పట్టుబడినవాడికి ఇంట్లో చోటుందా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలోని క్లింగాన్ల గురించి ఒక ప్రశ్నకు జవాబిస్తూ, శత్రువుకు ప్రాణాలతో చిక్కడం ఆ జాతి దృష్టిలో చావుకన్నా హీనమని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఎంవీపీ కాలనీ మొదలుకొని గాజువాక దాకా, భీమిలి దాకా విశాఖ పాఠకులు ఉత్తరాలు రాశారు. నౌకాదళం ఉన్న ఊరు కనుక యుద్ధఖైదీ అన్న మాట ఇక్కడివారికి పుస్తకాల్లోని మాటగా మాత్రమే అనిపించదు కాబోలు. ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే వదిలిపెడుతున్నాను. ఆ ధారావాహిక చూడనివారికి ఒక్క మాట: క్లింగాన్లు నుదుటి మీద గట్లుగట్లుగా ఎముక తేలి ఉండే గ్రహాంతరవాసులు, యుద్ధమే వృత్తిగా బతికే సామ్రాజ్యానికి చెందినవారు. రోములన్లు వాళ్ళ పాత పగవాళ్ళు. వోర్ఫ్ అనేవాడు మనుషుల ఇంట్లో పెరిగి, మనుషుల ఓడలో కొలువు చేసే క్లింగాన్.

ప్రశ్న: క్లింగాన్ యోధుడు పట్టుబడితే అతని పరువు పోతుందన్నంతవరకు అర్థమైంది. కానీ అప్పటికి పాలు తాగే వయసులో ఉన్న కొడుకు ఏం పాపం చేశాడని ఆ మచ్చ వాడికి కూడా అంటుకుంటుంది? దీన్ని గౌరవం అనాలా, కక్ష అనాలా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: చావుకు భయపడని మనిషిని ఒక రాజ్యం దేనితో అదుపులో పెట్టగలదో ముందుగా ఆలోచించండి. క్లింగాన్ల నమ్మకం ప్రకారం పోరులో నేలకొరిగినవాడు స్టోవోకోర్ అనే వీరలోకానికి చేరుకుంటాడు. 1988లో వచ్చిన ఒక భాగంలో ఒక క్లింగాన్ ప్రాణం పోతుంటే, పక్కనున్న తోటివాళ్ళు అతని కళ్ళు విప్పి, లోపలికి తేరిపార చూసి, ఒక్కసారిగా తలలు పైకెత్తి గోడలు అదిరేలా అరుస్తారు. వీరుడొకడు వస్తున్నాడు, కాచుకోండి అని పరలోకంలో ఉన్నవారికి చేసే హెచ్చరిక అది. ఆ తర్వాత శవాన్ని ఏం చేయమంటారని అడిగితే, అది ఒట్టి డొల్ల, మీ ఇష్టం అన్నట్టుగా ముఖం తిప్పేసుకుంటారు. ఇటువంటి మనిషికి మరణశిక్ష వేస్తామంటే లెక్కచేస్తాడా? అతను వెనకడుగు వేయకుండా చూడాలంటే బెదిరింపు అతని ప్రాణం మీద కాక, అతను ప్రాణం కన్నా ఎక్కువగా చూసుకునే ఇంటిపేరు మీద, కొడుకు మీద పడాలి. మచ్చ కొడుక్కు అంటడం ఆ ఆచారంలో దొర్లిన పొరపాటు కాదు. ఆచారం పనిచేసేదే ఆ మచ్చతో.

ఇది కథకులు గాలిలోంచి పుట్టించిన సంగతీ కాదు. 1941 ఆగస్టు 16న సోవియట్ యూనియన్‌లో వెలువడిన 270వ నంబరు ఉత్తర్వు, శత్రువుకు లొంగిపోయిన అధికారుల కుటుంబాలను అరెస్టు చేయవచ్చునని, లొంగిపోయిన మామూలు సైనికుల కుటుంబాలకు ప్రభుత్వ సహాయం నిలిపివేయాలని చెప్పింది. అంతకు కొద్దివారాల ముందే, జూలైలో, స్టాలిన్ సొంత కొడుకు యాకోవ్ జర్మన్లకు పట్టుబడ్డాడు. యాకోవ్ భార్యను కూడా నిర్బంధించారు. సరిహద్దులో పోరాడుతున్న సైనికుడి కాళ్ళకు వేసిన సంకెళ్ళ రెండో కొస ఊళ్ళో అతని భార్య కాళ్ళకు ఉందన్నమాట.

ఇక క్లింగాన్ల దగ్గరకు వస్తే, ఈ ఆచారాన్ని అన్నిటికన్నా వివరంగా చూపిన కథ 1993లో రెండు భాగాలుగా వచ్చింది. ఖిటోమర్ అనే స్థావరం మీద రోములన్లు దాడి చేసి అక్కడివాళ్ళను వేల సంఖ్యలో చంపేశారు. పసివాడిగా శిథిలాల్లోంచి బయటపడ్డ వోర్ఫ్, తన తండ్రి మోగ్ అక్కడే వీరమరణం పొందాడని నమ్ముతూ పెరిగాడు. చాలా ఏళ్ళకు సమాచారాలు అమ్ముకునే ఒక దళారి వచ్చి, నీ తండ్రి రోములన్ల చెరలో ఉన్నాడని చెబుతాడు. తండ్రి బతికి ఉన్నాడన్న కబురు వింటే మనమైతే ఏడుస్తాం, దేవుడికి మొక్కుకుంటాం. వోర్ఫ్ ఆ దళారిని పట్టుకుని చంపినంత పని చేస్తాడు. బతికి ఉన్నాడనడమే ఆ తండ్రికి జరిగిన అవమానం.

ఆగ్రహం చల్లారాక వోర్ఫ్ ఆ చెర ఉన్న గ్రహానికి వెళ్తాడు. తండ్రి అక్కడ లేడు, నిజంగానే యుద్ధంలో పోయాడు. కానీ ఖిటోమర్‌లో దొరికిపోయిన మరికొందరు క్లింగాన్లు అక్కడ ఉన్నారు. వాళ్ళు పిరికితనంతో లొంగినవారు కారు. దెబ్బకు స్పృహ తప్పి, కళ్ళు తెరిచేసరికి గొలుసుల్లో ఉన్నారు, ప్రాణం తీసుకునే వీలు కూడా లేకపోయింది. రోములన్లు వాళ్ళను అడ్డం పెట్టుకుని బేరమాడబోతే క్లింగాన్ మండలి, మా యోధులు పట్టుబడరు కనుక మీ దగ్గర మావాళ్ళెవరూ లేరని తేల్చేసింది. వాళ్ళను ఏం చేయాలో రోములన్లకు పాలుపోని దశలో టోకాత్ అనే రోములన్ అధికారి తన కొలువును వదులుకుని, ఆ బందీలకు కాపలాదారుగా ఆ గ్రహం మీదే ఉండిపోయాడు. కొన్నాళ్ళకు కాపలా అవసరమే లేకపోయింది. ఇక పొమ్మన్నా వాళ్ళు పోరు. తాము బతికి ఉన్నామని తెలిస్తే ఇంటి దగ్గర కొడుకుల పరువు పోతుంది కనుక, చచ్చినవాళ్ళుగానే ఉండిపోవడానికి నిశ్చయించుకున్నారు.

మండలి జవాబును గమనించండి. పైకి అది గౌరవం మాటలా వినిపిస్తుంది కానీ లోపల పక్కా లెక్క ఉంది. బందీకి విలువ ఉందని ఒప్పుకుంటే శత్రువు చేతిలో సరుకు ఉన్నట్టు. బందీయే లేడంటే రోములన్ల దగ్గర అమ్మడానికి ఏమీ మిగలదు. మన భూమి మీది చరిత్రలో రోమన్లు కూడా ఇదే పని చేశారు. క్రీ.పూ. 216లో కానే యుద్ధంలో కార్తేజ్ సేనాని హన్నిబాల్ చేతికి చిక్కిన వేలాదిమంది సైనికులను విడిపించుకోవడానికి సొమ్ము చెల్లించమని బందీల్లోంచే పదిమంది రోముకు ప్రతినిధులుగా వస్తే, సెనేట్ కుదరదంది. సైన్యానికి మనుషులు చాలక అదే రోజుల్లో రోము 8,000 మంది బానిసలను కొని ఆయుధాలిచ్చింది. చరిత్రకారుడు లివీ లెక్క ప్రకారం, బందీలను విడిపించడానికి అయ్యేదానికన్నా ఆ కొనుగోలుకే ఎక్కువైంది. డబ్బు లేక కాదు, హన్నిబాల్‌కు డబ్బు అందకూడదు, ముందున్న సైనికుడికి వెనక్కి వచ్చే దారి ఉందన్న ఆశ ఉండకూడదు. ఆ తీర్మానాన్ని సభలో గంభీరంగా చదువుతున్నప్పుడు బయట ఆ బందీల తల్లులు, భార్యలు ఏమనుకున్నారో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

కనుక గౌరవమా, కక్షా అన్న మీ ప్రశ్నకు నా జవాబు, రెండూ కాదని. అది ఒక ఏర్పాటు. పట్టుబడినవాడి సిగ్గు అతని మనసులో పుట్టినదే అయినా, దాని లాభం మాత్రం ఎప్పుడూ పట్టుబడని పెద్దలకే ముడుతుంది.

పనిలో పనిగా మన భాష సంగతి కూడా చెప్పాలి. కాపీ కొడుతూ దొరికినవాడిని, కోడిని ఎత్తుకుపోతూ దొరికినవాడిని ‘దొరికిపోయాడు’ అంటాం. శత్రువుకు చిక్కిన సైనికుడి గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇంట్లో మన నోటికి వచ్చేది అదే మాట. ‘పట్టుబడ్డాడు’ అన్నా అంతే, ఏదో తప్పు చేసినట్టే ధ్వనిస్తుంది. క్లింగాన్లను చూసి నవ్వేముందు ఈ రెండు మాటల్నీ ఒకసారి నాలుక మీద పెట్టి చూసుకోవచ్చు.

ప్రశ్న: మీరు రాసిన వాక్యం చదవగానే నాకు భారతంలోని ఘోషయాత్ర గుర్తుకు వచ్చింది. దుర్యోధనుడు కూడా పట్టుబడి, విడుదలైన తర్వాత ప్రాణం తీసుకుంటానన్నాడు కదా. అలాగే మన బొబ్బిలి సంగతి ఏమంటారు?
– విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు, భీమునిపట్నం

జవాబు: మాస్టారూ, ఆ పోలిక నాకు కూడా తట్టింది కానీ మీలాంటివారు ముందు అంటే బాగుంటుందని ఆగాను. అరణ్యపర్వంలో ఎఱ్ఱన తెనిగించిన భాగంలో వచ్చే ఘోషయాత్ర, చెర తాలూకు అవమానం మీద మనకున్న కథల్లో అన్నిటికన్నా సూక్ష్మమైనదని నా అభిప్రాయం. ఆలమందలను లెక్కపెట్టే నెపంతో, వనవాసంలో ఉన్న పాండవుల ముందు తన వైభవం ప్రదర్శించాలని వెళ్ళిన దుర్యోధనుణ్ణి చిత్రసేనుడనే గంధర్వుడు కట్టి తీసుకుపోతాడు. కర్ణుడంతటివాడు రథం విరిగి తప్పుకుంటాడు. బయటివాళ్ళతో తగువు వచ్చినప్పుడు మనం నూటయైదుగురమని ధర్మరాజు తమ్ముళ్ళను పంపి విడిపిస్తాడు.

ఇక్కడ రెండు సంగతులు చూడాలి. దుర్యోధనుణ్ణి కోసేసింది గంధర్వుడి తాళ్ళు కావు. ఆ తాళ్ళను విప్పించింది ధర్మరాజు కావడం, ఎవరికి తన దర్జా చూపిద్దామని వెళ్ళాడో వాళ్ళ కళ్ళెదుటే తను కట్టుబడి నిలబడడం అతన్ని కోసేశాయి. అందుకే రాజ్యం దుశ్శాసనుడికి అప్పగించి, దర్భలు పరుచుకుని ప్రాయోపవేశానికి కూర్చుంటాడు. రెండోది, కర్ణుడు అతన్ని ఓదార్చిన తీరు. పాండవులు నీ రాజ్యంలో నివసించేవాళ్ళు, రాజు ఆపదలో ఉంటే ఆదుకోవడం ప్రజల విధి, వాళ్ళు చేసింది అంతే, ఇందులో నీకు సిగ్గుపడవలసినదేముంది అంటాడు. జరిగినదేదీ మారలేదు, దానికి పెట్టిన పేరు మాత్రమే మారింది. చివరికి దానవులు పాతాళానికి పిలిపించి ధైర్యం చెప్పాక అతను లేచాడు కానీ, లేవడానికి ముందు దారి వేసింది కర్ణుడి ఆ తర్కమే.

ఇప్పుడు పై జవాబులోని క్లింగాన్ కథ ముగింపు చెబుతాను. చెరలో పుట్టిన పిల్లలకు తమవాళ్ళ ఆచారాలేవీ తెలియవు. యుద్ధంలో వాడే గింటాక్ అనే ఈటెతో ఒక కుర్రవాడు తోటలో మట్టి తవ్వుతుంటే వోర్ఫ్ చూస్తాడు. గురి నేర్పే ఆటను వాళ్ళు ఊరికే కాలక్షేపానికి ఆడుకుంటున్నారు. అతను ఆ ఆటకు అర్థం చెబుతాడు, టోక్ అనే కుర్రవాణ్ణి వేటకు తీసుకువెళ్తాడు. టోక్ వేటాడి తెచ్చిన జంతువును భోజనాల బల్ల మీద పడేసి వీరగీతం ఎత్తుకుంటాడు. తలలు దించుకు కూర్చున్న పెద్దలు ఒక్కొక్కరే గొంతు కలుపుతారు. వాళ్ళు ఆ పాట మరిచిపోలేదు, మరిచిపోయినట్టు ఇన్నేళ్ళూ నటించారు. వోర్ఫ్‌ను చంపించడానికి టోకాత్ సిద్ధపడితే యువకులు వచ్చి అతని పక్కన నిలబడతారు. చివరకు పిల్లలు బయటి ప్రపంచానికి వెళ్ళవచ్చునని, పెద్దల ఉనికి మాత్రం ఎవరికీ చెప్పకూడదని ఒప్పందం కుదురుతుంది. తిరిగి వచ్చిన వోర్ఫ్ తన కెప్టెన్‌కు ఇచ్చే నివేదిక ఏమిటంటే, అక్కడ చెర అనేది లేదు, ఖిటోమర్‌లో ఎవరూ మిగలలేదు, ఈ పిల్లలు కూలిపోయిన ఒక ఓడలోవాళ్ళు. కెప్టెన్ అర్థమైందంటాడు, మరేమీ అడగడు.

కర్ణుడి తర్కం, వోర్ఫ్ నివేదిక, రెండూ ఒకే పని చేశాయి. అబద్ధమాడడాన్ని నీచమని భావించే ఒక యోధుడు, గౌరవాన్ని కాపాడడానికి అబద్ధమాడవలసి వచ్చింది. ఆ కథలో నన్ను ఇప్పటికీ వేధించేది మాత్రం బాయెల్ అనే అమ్మాయి. ఆమె తల్లి క్లింగాన్, తండ్రి టోకాత్. కాపలావాడు, బందీ పెళ్ళి చేసుకుంటే పుట్టిన బిడ్డ. ఆమె మీద మనసుపడిన వోర్ఫ్ కూడా జుట్టు చాటున ఉన్న ఆమె రోములన్ చెవులను చూసి వెనక్కి తగ్గుతాడు. బయట తనకు చోటుండదని ఆమె అక్కడే ఉండిపోతుంది. కూలిన ఓడ కథలో టోక్ ఇమిడాడు, బాయెల్ ఇమడలేదు.

బొబ్బిలి సంగతి వేరు. 1757 జనవరి 24న విజయరామరాజు పక్షాన బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు కోటను కొడుతుంటే, శత్రువు చేతికి చిక్కకూడదని లోపలి స్త్రీలను, పిల్లలను తమవాళ్ళే చంపేశారు. తర్వాత తాండ్ర పాపారాయుడు విజయరామరాజును గుడారంలోనే పొడిచి చంపాడు. బుర్రకథల్లో ఇదంతా వింటూ పెరిగిన ఉత్తరాంధ్రవాళ్ళం కనుక దాన్ని ‘ఆచారం’ అని విడదీసి రాయడానికి నా చేయి ఆడదు. ఒక్క తేడా చెబుతాను. క్లింగాన్ ఆచారం చిక్కిన యోధుణ్ణి శిక్షిస్తుంది. బొబ్బిలిలో కత్తి పట్టని వాళ్ళ మీద, చిక్కకముందే, ఆ తీర్పు అమలైంది. ‘చెరపట్టడం’ అన్న మాట మన భాషలో ఎక్కువగా స్త్రీల విషయంలోనే ఎందుకు వాడతామో మీరే ఒకసారి ఉత్తరం రాయండి, చర్చిద్దాం.

ప్రశ్న: క్లింగాన్లు మొదటినుంచీ ఇంత పట్టింపు ఉన్నవాళ్ళేనా?
– ఉక్కునగరం

జవాబు: కాదు. 1967లో మొదటిసారి తెర మీదకు వచ్చిన క్లింగాన్లు ఒక శాంతియుత గ్రహాన్ని ఆక్రమించి, 200 మంది పౌరులను బందీలుగా పట్టి చంపమని ఆదేశించే కుటిలమైన ఆక్రమణదారులు. చెరకన్నా చావు మేలనే పద్ధతి అప్పట్లో రోములన్లది. 1966 డిసెంబరులో వచ్చిన కథలో ఓడిపోయిన రోములన్ కమాండర్, శత్రువు రక్షిస్తానన్నా కాదని తన ఓడను తానే పేల్చేసుకుంటాడు. తర్వాతి కాలపు రచయితలు, ముఖ్యంగా 1990 నుంచి రోనాల్డ్ డి. మూర్, క్లింగాన్లకు వంశాలు, మండలి, వెలి వంటి కట్టుబాట్లు కల్పించాక ఆ గుణం చేతులు మారింది.

ప్రశ్న: చెర అంత అవమానమైతే, శత్రువుల శిబిరంలో ఏళ్ళ తరబడి ఉన్న మార్టోక్ ఆ తర్వాత క్లింగాన్ సామ్రాజ్యానికే అధినేత ఎలా అయ్యాడు? రచయితలు తమ నియమాన్ని తామే మరిచిపోయారని నా అనుమానం.
– నౌకాదళ విశ్రాంత ఉద్యోగి, గాజువాక

జవాబు: మీ అనుమానంలో కొంత న్యాయం ఉంది. వేర్వేరు రచయితలు, వేర్వేరు సంవత్సరాలు కనుక పొంతన కుదరని చోట్లు ఉంటాయి. అయినా ఈ ఒక్క విషయంలో నేను రచయితల వైపే మాట్లాడతాను.

1997లో వచ్చిన ఆ కథలో జనరల్ మార్టోక్ డొమినియన్ అనే శత్రువు శిబిరంలో రెండేళ్ళుగా ఉన్నాడని తెలుస్తుంది. ఆ కాలంలో చాలావరకు అతని రూపంలో ఒక మారువేషి బయట జనరల్‌గా చలామణీ అయ్యాడు. అంటే మార్టోక్ పట్టుబడ్డాడన్న సంగతే ఇంటి దగ్గర ఎవరికీ తెలియదు, సిగ్గుపడే అవకాశం కూడా ఎవరికీ రాలేదు. పైగా శిబిరంలో అతను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కావలి సైనికులైన జెమ్‌హడార్లు సాధన కోసం అతన్ని బరిలో దింపుతుంటే పోరాడుతూనే ఉన్నాడు, అందులోనే ఒక కన్ను పోయింది. ఆ తర్వాత వోర్ఫ్ అక్కడికి బందీగా వచ్చి, ఒకరి తర్వాత ఒకరుగా దిగే జెమ్‌హడార్లతో ఎముకలు విరిగేదాకా తలపడతాడు. ప్రతిసారీ కిందపడతాడు, ప్రతిసారీ తూలుతూ లేస్తాడు. ఆఖరి ప్రత్యర్థి ఆ లేవడం చూసి, వీణ్ణి చంపగలనేమో కానీ ఓడించలేనని తనే ఓటమి ఒప్పుకుంటాడు. చెర లోపల కూడా యుద్ధం సాగుతూనే ఉంటే అది చెర కాదు, యుద్ధంలో మరో రంగం. క్లింగాన్ తర్కానికి ఆ వెసులుబాటు మొదటినుంచీ ఉంది. ఖిటోమర్ బందీలకు అది దొరకలేదు, ఎందుకంటే వాళ్ళ కాపలావాడు వాళ్ళతో పోరాడలేదు, కూరగాయలు పండించుకోమన్నాడు. దయగల శత్రువు చేతికి చిక్కడమే వాళ్ళ దురదృష్టం.

ఇంకొకటి, పేరు లేని యోధుడికి, సైన్యానికి కావలసిన జనరల్‌కు మధ్య ఉండే తేడా. 1997 నాటి కథలో యుద్ధం ముంచుకొస్తోంది, మార్టోక్ కావాలి. కనుక ఎవరూ మండలిలో లేచి నువ్వు చెరలో ఎందుకు చావలేదని అడగలేదు. అవసరమున్నవాడి చెర త్యాగంగా మారిపోతుంది, అవసరం లేనివాడి చెర మచ్చగా మిగిలిపోతుంది. ఇది మన వ్యవహారాల్లో కూడా మీరు చూసే ఉంటారు.

మీరు సైన్యంలో పనిచేసినవారు కనుక చట్టం సంగతి మీకు తెలిసిందే, మిగతా పాఠకుల కోసం చెబుతున్నాను. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం పట్టుబడిన సైనికుడు తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సర్వీసు నంబరు చెబితే చాలు. అంతకుమించి చెప్పించడానికి హింసించకూడదు. 1971 యుద్ధం ముగిశాక దాదాపు 93,000 మంది పాకిస్తానీ బందీలు మన దేశంలో ఉన్నారు, వాళ్ళను తిరిగి పంపడం 1974లో పూర్తయింది. 2019 ఫిబ్రవరి 27న పాకిస్తాన్‌కు పట్టుబడి మార్చి 1న వాఘా దగ్గర నడిచి వచ్చిన వింగ్ కమాండర్ అభినందన్ వర్ధమాన్‌ను దేశం నెత్తిన పెట్టుకుంది. ఆయన మీసకట్టు కావాలని కుర్రాళ్ళు క్షౌరశాలల్లో కూర్చున్నారు. తర్వాత ఆయనకు వీరచక్ర వచ్చింది. క్లింగాన్ మండలి ఆ మూడు రోజుల్లో ఏం ప్రకటించి ఉండేదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నేను ఒక గ్రహాంతర యోధజాతి గురించి నవలిక రాస్తున్నాను. బందీల విషయంలో వాళ్ళకు గట్టి ఆచారాలు పెట్టాలనుకుంటున్నాను. పట్టుబడగానే విషం మింగడం, వంశవృక్షంలోంచి పేరు చెరిపేయడం వంటివి పదిహేను నియమాలు ఇప్పటికే రాసుకున్నాను. ఇంకా ఏం చేర్చాలి?
– వర్ధమాన రచయిత, సీతమ్మధార

జవాబు: చేర్చకండి, తీసేయండి. పదిహేను నియమాలుంటే మీ పాఠకుడికి పరీక్ష రాస్తున్నట్టుంటుంది. ఒక్కటి ఉంచుకుని, ఆ ఒక్కదాన్నీ ఎవరు ఉల్లంఘించవలసి వస్తుందో చూడండి. విషం మింగి పోయినవాడితో మీ కథ అక్కడే ఆగిపోతుంది. మింగబోయి చేయి వణికినవాడు, లేదా మింగినా బతికిపోయినవాడు ఇంటికి తిరిగి వస్తే మీ జాతి పెద్దలు ఏం చేస్తారన్న చోట కథ ఉంది.

స్పార్టావాళ్ళకు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. స్పార్టా వీరుడు చస్తాడే కానీ లొంగడని గ్రీకు దేశమంతా నమ్మిన రోజుల్లో, క్రీ.పూ. 425లో స్ఫాక్టీరియా అనే చిన్న ద్వీపంలో చిక్కుకున్న వాళ్ళ దళం ఆకలి, బాణాలు తట్టుకోలేక డాళ్ళు దించింది. 292 మంది ప్రాణాలతో పట్టుబడ్డారు, అందులో సుమారు 120 మంది అసలు స్పార్టా పౌరులు. ఆథెన్స్ పక్షంవాడొకడు ఒక బందీని వెటకారంగా, మీలో చచ్చిపోయినవాళ్ళే అసలు వీరులా అని అడిగాడట. ధీరుణ్ణి, పిరికివాణ్ణి వేరుచేసి తగలగలిగితే ఆ బాణానికి చాలా విలువ కట్టాలి అని ఆ బందీ జవాబిచ్చాడు. ఈ సంగతి రాసిన గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ తానే సైన్యాధిపతిగా పనిచేసి, ఒక నగరాన్ని కాపాడలేకపోయినందుకు దేశం విడిచి వెళ్ళవలసి వచ్చినవాడు. అందుకే కాబోలు, ఆ బందీ నోట ఒక్క మాట కూడా ఎక్కువ పెట్టలేదు.

స్పార్టా తన నియమం ప్రకారం ఆ 120 మందిని మరిచిపోవాలి. మరవలేదు. వాళ్ళలో పెద్ద కుటుంబాలవాళ్ళున్నారు, పౌరుల సంఖ్య అసలే తరిగిపోతోంది. దండెత్తి వస్తే బందీలను చంపేస్తామని ఆథెన్స్ బెదిరిస్తే ఏటా చేసే దండయాత్ర మానుకున్నారు. క్రీ.పూ. 421లో సంధి చేసుకుని విడిపించుకున్నారు. తీరా వచ్చాక, ఈ అవమానంతో వీళ్ళు ఏం తలపెడతారోనన్న భయంతో పదవులు చేపట్టే హక్కును, క్రయవిక్రయాలు చేసే హక్కును తీసేశారు. కొంతకాలానికి మళ్ళీ ఇచ్చేశారు. తిరిగి వచ్చినవాళ్ళు ఒక్కరో ఇద్దరో అయితే వెలి వేయవచ్చు, 120 మంది అయితే ఆచారమే సర్దుకోవాలి. మీ గ్రహంలో ఎంతమంది తిరిగి వస్తున్నారో ముందుగా తేల్చుకోండి, మీరు రాసుకున్న నియమాల్లో సగం వాటంతట అవే రాలిపోతాయి.

ఇక మీరు పంపిన మొదటి అధ్యాయం గురించి. బందీ విడుదలై ఇంటి వాకిట్లోకి వచ్చే చోట మీరు రెండు పుటల నిండా అతని మనోవేదన రాశారు. తలుపు తీసిన తల్లి ఏం చేసిందో మాత్రం రాయలేదు. చుట్టుపక్కలవాళ్ళు చూస్తున్నారేమోనని ఆమె ముందు వీధివైపు చూసిందా, కొడుకు ముఖం వైపు చూసిందా? ఆ ఒక్క పేరా రాసి మళ్ళీ పంపండి, మిగతా నవలిక గురించి అప్పుడు మాట్లాడదాం.